ఆ తుమ్ము వెనక సన్నటి కొవ్వు పొర

ఏమ్మా, ఫిబ్రవరి దగ్గర పడుతోందంటేనే గుబులుగా ఉందా? ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్లలో ఉండే మన తెలుగు ఆడపిల్లలు ఎవరు కలిసినా ఇదే మాట. చలి తగ్గింది, రజాయిలు ఎండలో వేసి మడతపెట్టేశాం, ఇక హాయిగా బాల్కనీలో కూర్చుని టీ తాగుదాం అనుకునేసరికి తుమ్ములు. ఒకటా రెండా, వరసపెట్టి. కళ్ల దురద, ముక్కు దిబ్బడ, రాత్రయితే గొంతులో గరగర. పొద్దున్నే పిల్లలకి డబ్బాలు కట్టాలి, ఆయన్ని ఆఫీసుకు పంపాలి, మనమూ మెట్రో అందుకోవాలి. చేతిలో రుమాలుతో ఎక్కడని పరిగెడతాం? అన్నిటికీ మించి, ‘ఊళ్లో ఉన్నన్నాళ్లూ లేదే, ఇక్కడికొచ్చాకే నా ఒంటికి ఏదో అయింది’ అని లోపల్లోపల బెంగ.

ముందా బెంగ పక్కన పెట్టు. కొత్త ఊరి పుప్పొడిని మన ఒళ్లు గుర్తుపట్టి పంతం పెంచుకోవడానికి కొన్ని వసంతాలు పడుతుంది. అందుకే వచ్చిన ఏడాది బాగానే ఉండి, ఆ తర్వాత మొదలవుతుంది చాలామందికి. నువ్వు బలహీనపడిపోలేదు, నీ తిండిలో లోపమూ కాదు. టీ తెచ్చుకుని కూర్చో. ఈ తుమ్ము ఎక్కణ్నుంచి బయల్దేరుతోందో చెబుతాను. కంటికి కనిపించని ఒక కణం, దాని మీద ఇంకా సన్నటి కొవ్వు పొర, అక్కణ్నుంచి మొదలెట్టాలి. కాస్త ఓపిక పట్టావంటే ఏ మందు ఎందుకు వేసుకుంటున్నామో నీకే తెలిసిపోతుంది. తెలియకుండా మింగే మాత్ర మీద మనకు నమ్మకం ఎలా కుదురుతుంది చెప్పు?

దానికన్నా ముందు ఆ పుప్పొడి ఎక్కడిదో చూద్దాం. ఢిల్లీలో చిల్‌బిల్‌ అని ఒక చెట్టుంది. మన వైపు నెమలినార అంటారు. ఆకులన్నీ రాల్చేసి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో బోడి కొమ్మలకే పూస్తుంది. పూలు మరీ చిన్నవి, ఎవరూ తలెత్తి చూడరు. తేనెటీగ కోసం ఎదురుచూడదు, గాలినే నమ్ముకుంది కాబట్టి పుప్పొడిని విరివిగా వదిలేస్తుంది. ఆ తర్వాత కొన్నాళ్లకి గుండ్రంగా, పల్చగా, నడిమధ్య ఒక్క గింజతో ఆకుపచ్చని రెక్కలు బాల్కనీలోకి ఎగిరొచ్చి ఎండి గోధుమరంగులోకి తిరుగుతాయే, అవి దాని కాయలే. అవి కనబడేసరికి పుప్పొడి పని చాలామటుకు అయిపోయి ఉంటుంది. ఇక రిడ్జ్‌ అడవి నిండా విలాయతీ కీకర్‌, అదే మన సర్కారు తుమ్మ. దాని పుప్పొడీ పడనివాళ్లు బోలెడుమంది.

దానికి తోడు పొగ. మన కాలనీ పేరు దేశమంతా తెలిసింది ఇందువల్లే కదా. చలికాలం టీవీ వార్తల్లో గాలి లెక్కలు చదివేటప్పుడు ఆర్.కె. పురం కొలత కేంద్రం అంకె చదవకుండా ఉండరు. పీఎం 2.5 అనే సన్నటి రేణువులు రోజు సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం. చలికాలంలో ఇక్కడ అంతకు ఎన్నో రెట్లు పీలుస్తాం. డీజిల్‌ పొగ రేణువులు ముక్కులో అలర్జీని ఇంకా ఎగదోస్తాయని 1990ల్లో లాస్‌ ఏంజిలిస్‌లో చేసిన పరిశోధనల్లో తేలింది. అంటే రెండూ ఏకమై మన ముక్కు మీదకొస్తున్నాయన్నమాట.

ఇప్పుడు లోపలికి వెళ్దాం. ముక్కు లోపలి పొరలో, కంటి రెప్ప కింద, ఊపిరి గొట్టాల్లో మాస్ట్‌ కణాలని ఉంటాయి. ఒక్కో కణంలో వందలకొద్దీ చిన్న చిన్న సంచులు, ఆ సంచుల్లో హిస్టమిన్‌. పుప్పొడిని గుర్తుపట్టే ఐజీఈ అనే ప్రతిరక్షకం ఈ కణం మీద ముందే వచ్చి కూర్చుని ఉంటుంది. దీన్ని 1966లో కనిపెట్టింది జపాన్‌ దంపతులు కిమిషిగె ఇషిజాక, తెరుకో ఇషిజాక, అమెరికాలోని డెన్వర్‌లో. స్వీడన్‌లోనూ అదే కాలంలో మరో బృందం కనిపెట్టింది. పుప్పొడి వచ్చి ఈ ఐజీఈలని రెండు మూడింటిని కలిపి పట్టుకుందా, నిమిషాల్లో ఆ సంచులు పైపొర దగ్గరికి చేరి హిస్టమిన్‌ని బయటికి వదిలేస్తాయి. మన తుమ్ము, దురద, ముక్కు కారడం అన్నీ దాని పనులే.

ఇక్కడే అసలు సంగతుంది. సంచి చుట్టూ ఉన్నదీ కొవ్వు పొరే, కణం పైపొరా కొవ్వు పొరే. ఆ రెండూ ఒకటైతే తప్ప లోపలున్నది బయటికి రాదు. చారు మీద తేలే రెండు పోపు నూనె చుక్కలు దగ్గరకొచ్చి, అంచులు తాకి, క్షణం ఆగి, చటుక్కున ఒక్కటైపోవడం మనం రోజూ చూసేదే. ఇక్కడ జరిగేదీ అలాంటిదే. కాకపోతే కణంలో వాటిని దగ్గరికి లాగడానికి ప్రోటీన్లున్నాయి, ఎప్పుడు కలవాలో చెప్పడానికి కాల్షియం ఉంది. ఆ ఏర్పాటుని విడమరిచి చెప్పినందుకు జేమ్స్‌ రాథ్‌మన్‌, ర్యాండీ షెక్‌మన్‌, థామస్‌ జూడాఫ్‌లకు 2013లో నోబెల్‌ ఇచ్చారు. ప్రోటీన్ల గురించి అందరూ చెబుతారు. నాకు మాత్రం ఆ కొవ్వు మీదే మమకారం. లాగేది ప్రోటీనే అయినా కలవాల్సింది కొవ్వేగా?

ఆ కొవ్వంతా, లిపిడ్లంటారు వీటిని, ఒకటే రకం అనుకోకు. పొరలో ఎక్కువగా ఉండే ఫాస్ఫోలిపిడ్లలో తల పెద్దది తోక సన్నదీ ఒకటి, తల చిన్నది తోక వెడల్పుదీ ఒకటి. ఆ ఆకారాన్ని బట్టి పొర లోపలికి వంగడమో బయటికి వంగడమో తేలిగ్గా జరుగుతుంది. రెండు పొరలు కలిసేటప్పుడు మధ్యలో సన్నటి మెడ ఒకటి ఏర్పడాలి. ఫాస్ఫాటిడిల్‌ ఇథనోలమైన్‌ అనే రకం దానికి సాయపడుతుంది. ఒక తోక ఊడిపోయిన లైసో లిపిడ్లు రెండు పొరలూ తాకే వైపున చేరితే ఆ మెడ ఏర్పడకుండా అడ్డుపడతాయి. సంచులున్న కణాలకు ప్రయోగశాలలో పైనుంచి రకరకాల లిపిడ్లు కలిపి, పక్కన వెంట్రుక కన్నా సన్నటి కార్బన్‌ పోగు పెట్టి ఒక్కో సంచి తెరుచుకోవడాన్నీ కొలిచారు. ఏ లిపిడ్‌ కలిపారన్నదాన్ని బట్టి విడుదల వేగం మారింది, బయటికొచ్చే మోతాదూ మారింది. ప్రోటీన్లు అవే, సంచులు అవే. పొరలో కొవ్వు పాళ్లు మారాయి, అంతే!

ఈ కథలో మన గోదావరి వాడూ ఉన్నాడు తెలుసా? భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో హార్వర్డ్‌కు వెళ్లి, సైరస్‌ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని రంగు చూసి లెక్కగట్టే పద్ధతి కనిపెట్టాడు. పొరల్లోని లిపిడ్లలో ఫాస్ఫరస్‌ ఉంటుంది కాబట్టి, ఎంత లిపిడ్‌ ఉందో తేల్చడానికి ఆ తర్వాత కొన్ని దశాబ్దాల పాటు చాలా ప్రయోగశాలలు ఆ పద్ధతినో, దాన్ని సవరించినదాన్నో పట్టుకున్నాయి. అదే 1925లో నెదర్లాండ్స్‌లో గోర్టర్‌, గ్రెండెల్‌ అనే ఇద్దరు ఎర్ర రక్తకణాల కొవ్వుని నీటి మీద పరిచి, అది కణాల పైవైశాల్యానికి రెట్టింపు వస్తోందని చూసి, పొరలో లిపిడ్లు రెండు వరసలుగా ఉంటాయని చెప్పారు. ఒకరు కొలిచే కొలబద్ద ఇచ్చారు, ఇంకొకరు కొలవాల్సినదాన్ని చూపించారు. నాలుగేళ్లకి ఫిస్క్‌, సుబ్బారావులు కణాలకు శక్తినిచ్చే ఏటీపీని కనుక్కున్నారు. జర్మనీలో కార్ల్‌ లోమాన్‌ కూడా అదే ఏడు విడిగా కనుక్కున్నాడు. ఆ ఏటీపీ మళ్లీ మన సంచుల దగ్గరికే వస్తుంది, చూస్తూ ఉండు.

పైపొర లోపలి వరసలో పీఐపీ-2 అనే లిపిడ్‌ ఒకటుంది. మొత్తం లిపిడ్లలో నూటికి ఒక పాలు ఉంటే గొప్ప. కానీ పెత్తనమంతా దానిదే. పుప్పొడి తగలగానే కణంలోని ఎంజైము ఒకటి దీన్ని రెండుగా కోస్తుంది. అందులో ఐపీ-3 అనే ముక్క వెళ్లి కణంలో దాచిన కాల్షియాన్ని వదిలిస్తుంది. కోయకుండా మిగిలిన పీఐపీ-2 ఏమో, వచ్చే సంచి ఎక్కడ ఆనుకోవాలో అక్కడ ప్రోటీన్లని పట్టి ఉంచుతుంది. కేకా అదే వేస్తుంది, చోటూ అదే చూపిస్తుంది. ఈ పీఐపీ-2ని తయారుచేయడానికి ఏటీపీ కావాలి. సంచులు విడుదలకు సిద్ధం కావడానికి ఏటీపీ అవసరమని ముందునుంచీ తెలుసు. అది చేసే పనుల్లో ఒకటి ఈ లిపిడ్‌ని తయారుచేయడమేనని 1995లో తేలింది.

లిపిడ్‌కీ స్రావానికీ, అంటే కణం లోపలిది బయటికి వదలడానికీ, లంకె ఉందని మొదట పట్టుకుంది ఎవరంటావా? మేబెల్‌ హోకిన్‌, లోవెల్‌ హోకిన్‌, భార్యాభర్తలు. 1953లో పావురం క్లోమం ముక్కల మీద అసిటైల్‌కోలిన్‌ వేసి ఎంజైములు ఊరేలా చేస్తే, పొరలోని ఫాస్ఫోలిపిడ్లు రేడియోధార్మిక ఫాస్ఫరస్‌ని ఆత్రంగా లాక్కుంటున్నాయని చూశారు. అప్పటిదాకా పొర అంటే ఊరికే చుట్టిన తొడుగు అనుకునేవారు. అది మెసులుతోందని, స్రావం జరిగినప్పుడల్లా తనూ మారుతోందని వాళ్లు చూపించారు. దాని అర్థం పూర్తిగా తేలడానికి మరో ముప్ఫై ఏళ్లు పట్టింది. 1983లో ఐరీన్‌ షుల్జ్‌, మైకేల్‌ బెర్రిడ్జ్‌ వాళ్లు కలిసి, మళ్లీ క్లోమం కణాల్లోనే, ఐపీ-3 కాల్షియాన్ని వదిలిస్తుందని చూపించారు. ఒక చేత్తో ఇల్లు, ఇంకో చేత్తో పరిశోధన నెట్టుకొచ్చే మన ఆడపిల్లలకు మేబెల్‌ పేరు తెలిసి ఉండాలని నా కోరిక.

చంటిపిల్లల తల్లులకు ఒక్క మాట. రొమ్ములోని కణం పాలకొవ్వుని వదిలే తీరు వేరు. కొవ్వు బొట్టు బయటికి వస్తూ వస్తూ కణం పైపొరనే కాస్త చుట్టుకుని వస్తుంది. నీ కణాల పొరే బిడ్డ నోటికి అందుతోందన్నమాట. ఎంత ముద్దుగా ఉందో కదూ?

సరే, ఇప్పుడు నువ్వు అడగబోయేది నాకు తెలుసు. ‘అక్కా, అంతా కొవ్వు మహిమే అంటున్నావు, నెయ్యి మానేస్తే తుమ్ములు తగ్గుతాయా?’ తగ్గవమ్మా. పొరలో కొలెస్టరాల్‌కి పని ఉన్న మాట నిజం. కార్నెల్‌ విశ్వవిద్యాలయంలో బార్బరా బేర్డ్‌, డేవిడ్‌ హోలోకా బృందం మాస్ట్‌ జాతి కణాల నుంచి కొలెస్టరాల్‌ తీసేసి చూస్తే, ఐజీఈ నుంచి వెళ్లాల్సిన తొలి సంకేతమే మందగించింది. మన హైదరాబాద్‌ సీసీఎంబీలో అమితాభ చటోపాధ్యాయ్‌ గారు సెరటోనిన్‌ని అందుకునే గ్రాహకం ఒకటి పొరలోని కొలెస్టరాల్‌ మీద ఎంతగా ఆధారపడుతుందో ఏళ్ల తరబడి చూపిస్తూ వచ్చారు. కానీ అదంతా గాజు గిన్నెలో చేసిన పని. ఒంట్లో కణాలు తమకు కావలసిన కొలెస్టరాల్‌ని తామే తయారుచేసుకోగలవు. వేడన్నంలో నువ్వు వేసుకునే నెయ్యి చుక్క మాస్ట్‌ కణం పొరని తారుమారు చేయదు. పప్పన్నంలో నెయ్యి మానేసి దిగులుగా కూర్చోకు.

తిండి మాట కాస్త వినే చోటు వేరే ఉంది. అది లిపిడ్ల తోకలు. హిస్టమిన్‌ దాడి అయిపోయాక రెండో దాడి ఒకటుంటుంది. ఎంజైము ఒకటి పొరలోంచే ఎరాకిడోనిక్‌ ఆమ్లమనే తోకని తెంపుతుంది. దాన్నుంచి ప్రోస్టాగ్లాండిన్లు, ల్యూకోట్రైన్లు తయారవుతాయి. వీటి మీద పనిచేసిన బెర్గ్‌స్ట్రోమ్‌, సామ్యుయెల్‌సన్‌, వేన్‌లకు 1982లో నోబెల్‌ వచ్చింది. గంటల తర్వాత కూడా వదలని ముక్కు దిబ్బడలో, రాత్రి ఛాతీ పట్టేయడంలో వీటి పాత్ర ఉంది. చేప తింటే అందులోని ఒమేగా-3 తోకలు పొరలో కొంత ఎరాకిడోనిక్‌ స్థానంలో చేరతాయి. వాటినుంచి వచ్చే ల్యూకోట్రైన్లలో కొన్ని చాలా నీరసమైనవి. అంతవరకు రుజువుంది. కానీ అలర్జీ ఉన్న మనుషుల మీద చేసిన పరీక్షలు ఒక్క మాట మీద నిలబడలేదు. కాబట్టి చేపలు తిందాం, మందులు మానొద్దు. ఐఎన్‌ఏ మార్కెట్‌ దగ్గరే కదా, వారానికి రెండుసార్లు తెచ్చుకో.

శాకాహారులు చిన్నబుచ్చుకోకండి. అవిసె గింజల్ని సన్న సెగ మీద చిటపటమనేదాకా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, కాస్త చింతపండు, ఉప్పు వేసి పొడి కొట్టుకోండి. వీటిలోని ఒమేగా-3 చేపలో ఉన్నదానంత సూటిగా పనిచేయదు, ఒంట్లో కొద్దిపాటే మారుతుంది. అయినా మంచిదే. పది రోజులకు సరిపడా మాత్రమే చేసుకోవాలి, ఎక్కువ నిల్వ ఉంటే కమరు వాసన వస్తుంది. ఇక్కడివాళ్ల ఆవనూనెలోనూ ఈ రకం కొంత ఉంటుంది, పచ్చళ్లకో కూరకో వాడితే తప్పేం లేదు. వనస్పతి మాత్రం దగ్గరికి రానీయకు. నూనెల్లో ట్రాన్స్‌ కొవ్వు 2 శాతం దాటకూడదని 2022 జనవరి నుంచి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గట్టిగానే కట్టడి చేసింది. మనం ఇంట్లో ఒకే నూనెని మళ్లీ మళ్లీ కాచి ఆ మేలంతా పాడుచేసుకుంటే ఎలా?

ఇప్పుడు మందుల దగ్గరికి. ఇందాకటి కథంతా ఇందుకే చెప్పాను. సెట్రిజిన్‌ లాంటి మాత్ర సంచుల్ని ఆపదు. బయటికొచ్చిన హిస్టమిన్‌ వెళ్లి కూర్చోవాల్సిన చోటుని ముందే ఆక్రమిస్తుంది. అందుకే తుమ్ములు ముదిరాక వేసుకునేదానికన్నా ముందు వేసుకుంటే బాగా పనిచేస్తుంది. మత్తు వస్తే స్కూటీ నడపకు, డాక్టర్‌తో చెప్పి మార్పించుకో. సంచులు తెరుచుకోకుండా ఆపే మందు సోడియం క్రోమోగ్లైకేట్‌. రోజర్‌ ఆల్టున్యాన్‌ అనే డాక్టర్‌ తనకున్న ఉబ్బసం మీదే ప్రయోగాలు చేసుకుని 1960ల్లో దాన్ని బయటికి తెచ్చాడు. కళ్ల దురదకి చుక్కలుగా వాడతారు. సంచులు ఖాళీ అయ్యాక వేసి లాభం లేదు కదా, పుప్పొడి రోజులు మొదలవక ముందే వేయాలి.

ముక్కులో కొట్టే స్టిరాయిడ్‌ స్ప్రే అంటే మనవాళ్లకు హడల్‌. ‘స్టిరాయిడా, అమ్మో’ అని అత్తగారు అనగానే మనం సీసా అటక మీద పెట్టేస్తాం. ఆ మందు చేసే పనుల్లో ఒకటి పొరలోంచి ఎరాకిడోనిక్‌ ఆమ్లాన్ని తెంపే ఎంజైముకి కళ్లెం వేయడం. మూలంలోనే ఆపుతోంది, చూశావా? డాక్టర్‌ చెప్పిన మోతాదులో ముక్కు వరకే వాడేది కాబట్టి మింగే స్టిరాయిడ్‌తో పోల్చి భయపడక్కర్లేదు. కాకపోతే పూర్తి గుణం కనబడటానికి కొన్ని రోజులు పడుతుంది. రెండు రోజులు కొట్టి ‘పనిచేయలేదు’ అనేస్తే ఎలా తల్లీ? కొట్టే పద్ధతి కూడా చూసుకో. తల కాస్త ముందుకు వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమచేత్తో కుడి ముక్కులోకి, మొన చెవి వైపు చూసేలా పెట్టి కొట్టు. నడిమి దూలానికి తగిలేలా కొడితే అక్కడ ఎండిపోయి రక్తం చారలు వస్తాయి. గట్టిగా ఎగపీల్చకు, మందంతా గొంతులోకి జారిపోతుంది.

ల్యూకోట్రైన్లని అడ్డుకునే మాంటెలుకాస్ట్‌ చాలా ఇళ్లలో డబ్బాలో ఉంటుంది. పక్కింటి వదిన ఇచ్చిందనో, పోయినేడాదివి మిగిలాయనో వేసుకోకు. నిద్ర పాడవడం, మనసు కుంగడం లాంటివి కొందరిలో వస్తున్నాయని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దాని మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. పిల్లలకు రాసిస్తే నిద్ర, చిరాకు గమనిస్తూ ఉండు. ఉబ్బసం ఉండి, ఆస్పిరిన్‌ గానీ ఆ జాతి నొప్పి మాత్రలు గానీ వేసుకోగానే ఆయాసం వచ్చిన అనుభవం ఉంటే, ఆ సంగతి ప్రతి డాక్టర్‌కీ మొదటే చెప్పు. ఒకదారి మూస్తే ఎరాకిడోనిక్‌ ఆమ్లమంతా రెండోదారిన ల్యూకోట్రైన్ల వైపు మళ్లడం దాని వెనకున్న కారణాల్లో ఒకటి.

ఇంటి పనుల్లో కూడా నా పెత్తనం కాస్త వినాలి మరి. ఆ రెండు మూడు నెలలూ బట్టలు బాల్కనీలో ఆరేయకు, ముఖ్యంగా దిండు గలీబులు, దుప్పట్లు. పుప్పొడిని చేజేతులా మంచం మీదకి తెచ్చుకోవడమే అది. సాయంత్రం ఇల్లు చేరగానే బట్టలు మార్చి, ముఖం, కనురెప్పలు కడుక్కో. పొడవు జడ ఉన్నవాళ్లు పొద్దున కాకుండా రాత్రి తలస్నానం చేస్తే దిండుకి పుప్పొడి అంటదు. పొడి చీపురు మానేసి తడిగుడ్డ పెట్టించు, పనిమనిషికీ ముక్కుకి గుడ్డ కట్టుకోమని చెప్పు, ఆవిడవీ ఊపిరితిత్తులే. పూజ దగ్గర అగరొత్తి బదులు దీపం చాలదా? దేవుడేమీ అనుకోడు. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంటే ఎంత హాయో చేసినవాళ్లకే తెలుసు, కానీ కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి, కుళాయి నీళ్లు వద్దు. ఫోన్‌లో ఆర్.కె. పురం గాలి అంకె చూసి, బాలేని రోజున మలై మందిర్‌ మెట్లు ఎక్కే పని వాయిదా వేసుకో. తప్పనిసరైతే ఎన్‌-95 కట్టుకుని వెళ్లు.

రాత్రి దగ్గుతో మెలకువ వస్తున్నా, మెట్లెక్కితే పిల్లికూతలు వినబడుతున్నా అది ముక్కు దాటి ఛాతీలోకి దిగి ఉండొచ్చు. అప్పుడు ఆవిరి పట్టుకుంటూ కూర్చోకు, డాక్టర్‌ దగ్గరికి వెళ్లు. ఇన్‌హేలర్‌ రాస్తే ‘అలవాటైపోతుందేమో’ అని జంకకు. గర్భంతో ఉంటే మాత్రం ఏ మాత్రైనా సరే, అడగకుండా వేయకు, అడగకుండా మానకు కూడా. మీ సెక్టార్‌కి దగ్గర్లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సీజీహెచ్‌ఎస్‌ డిస్పెన్సరీ ఉంటుంది, కార్డు బీరువాలో ఎక్కడ పెట్టావో ఇవాళే వెతుకు. జనవరి నెలాఖరులోపు ఒకసారి వెళ్లి, పోయినేడు ఎప్పుడు మొదలైంది, ఎన్నాళ్లుంది, ఏ మందుకి తగ్గింది, ఏదానికి మత్తొచ్చింది అని ఒక కాగితం మీద రాసుకెళ్లి చూపించు. స్ప్రే ఎప్పట్నుంచి మొదలెట్టాలో డాక్టర్‌ చెబుతారు, ఆ తేదీ వంటింటి క్యాలెండర్‌ మీద గుండ్రంగా సున్నా చుట్టిపెట్టుకో.